బాయిలర్ మేస్త్రీ అర్జీ

తెనాలి స్టేషన్ ముందు పాత ఆవిరి ఇంజనుకి నల్లరంగు పూసి, చుట్టూ గొలుసు కట్టి, పక్కన బోర్డు పెట్టిన నాటి నుంచి నరసింహారావుకి అన్నం సహించడం లేదు. బోర్డు మీద రిబ్బను కత్తిరించిన అధికారి పేరుంది. రంగులేయించిన కాంట్రాక్టరు పేరుంది. ఆఖరికి గొలుసు ఇచ్చిన చీరాల బట్టలకొట్టాయన పేరు కూడా ఉంది. లోకోషెడ్డులో ఆ ఇంజను బాయిలర్‌కి ముప్ఫై ఏళ్లు మరమ్మతులు చేసిన మేస్త్రీ పేరు మాత్రం లేదు. దారినపోయే దానయ్యలకి ఉన్న విలువ తనకి లేకపోయిందని వారం రోజులుగా ఉడికిపోతున్నాడాయన.

అందుకే ఆ సాయంత్రం స్టేషన్ ఎదురుగా ఆశీర్వాదం టీకొట్టులో, దస్తావేజులు రాసే కిరణ్ కుమార్‌ని కూర్చోబెట్టి పైఅధికారులకి అర్జీ రాయిస్తున్నాడు. సాక్షి సంతకం కోసం అబ్దుల్ షుకూర్‌ని కూడా పిలిపించాడు. షుకూర్ షెడ్డులో మేస్త్రీ కింద ఖలాసీగా చేసి రిటైరైనవాడు. కుడిచెవి పూర్తిగా వినపడదు, ఎడమది సగం. మేస్త్రీ గొంతు మాత్రం ఆ సగం చెవికి కూడా ఎక్కువే.

"చేసిన పని వివరంగా ఉండాలండి," అన్నాడు కిరణ్ కుమార్. ఇక మేస్త్రీని ఆపేవాడెవడు?

"రాయి నాయనా. ఎనభై రెండులో మాట. రేపల్లె బండి జంపని దాటింది. ఒక్క స్టే బోల్టు విరిగింది. స్టే బోల్టంటే ఏంటో తెలుసా? బాయిలర్‌లో మంట మండే పెట్టె ఒకటుంటుంది, దాని చుట్టూ ఇంకో రేకు, మధ్యలో నీళ్లు. ఆ రెండు రేకులూ విడిపోకుండా పట్టుకునేవి ఈ బోల్టులు. ఒక్కోదానికి నడిమధ్యన సన్నటి బెజ్జం ఉంటుంది. బోల్టు లోపల విరిగిందా, బెజ్జంలోంచి ఆవిరి బుస్సుమంటుంది. దాచిపెడదామన్నా దాగదు."

"మనుషులకీ అట్లాంటి బెజ్జం ఒకటి పెడితే బాగుండేది బాబాయ్," అన్నాడు ఆశీర్వాదం టీ వడపోస్తూ.

నరసింహారావు విననట్టే సాగించాడు. "వేమూరు చేరేసరికి ఆ ఒకటీ నలభై అయింది."

"ఇందాక ఒకటన్నారు గదండీ."

"ఒకటి పోతే దాని బరువు పక్కదాని మీద పడదా? ఉమ్మడి కాపురంలో ఒకడు చేతులెత్తేస్తే తక్కినవాళ్ల నడుం విరగదా? ఇదీ అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రైవరు దూకి పారిపోయాడు. పోతే పోయాడు, పిరికివాడు, నేనున్నాను గదా. మంట ఆర్పలేదు. ఆర్పితే బండి ఆలస్యం, బండిలో బాపట్ల పెళ్లివారు, వాళ్ల ముహూర్తం నా నెత్తిన పడుతుంది. తడిగోనె కప్పుకుని ఎర్రగా కాలుతున్న పొయ్యిలోకి దూరాను. పాత బోల్టు దొలిచి తీయడం, కన్నానికి మర వేయడం, కొత్తది బిగించడం, బయటికొచ్చి తల సాగగొట్టడం, మళ్లీ లోపలికి దూరడం."

"బండి నడుస్తుండగానా?" అన్నాడు కిరణ్ కుమార్.

"ఆపితే గదా ఆగేది. భట్టిప్రోలు వెళ్లేసరికి లెక్క రెండొందల నలభై. నా సుత్తి చప్పుడు కొలకలూరుదాకా వినపడి, రైతులు ఉరుములనుకుని కళ్లాల్లో ధాన్యం మీద పట్టాలు కప్పుకున్నారు. రేపల్లెలో దిగి, ఆవిరి నిలిచిందో లేదో చూద్దామని ఒక్క ఈల వేశాను. నిజాంపట్నంలో తుపాను హెచ్చరికనుకుని వేటకెళ్లిన పడవలన్నీ వెనక్కి తిప్పుకొచ్చారు. మూడు రోజులు ఈ చుట్టుపక్కల సంతల్లో చేప లేదు. కావాలంటే అడగండి."

"నిజమేనండి, మా ఇంట్లో కూడా ఆ మూడు రోజులూ పప్పే," అన్నాడు అప్పటికింకా పుట్టని ఆశీర్వాదం.

నరసింహారావుకి రోషం తన్నుకొచ్చింది. చెయ్యి పైకెత్తాడు. "నవ్వండ్రా, నవ్వండి. చేసినవాణ్ణి తుడిచేసి, పక్కన నిలబడ్డవాడు పేరు చెక్కించుకుంటే మీకు నవ్వులాటగా ఉంది. వాళ్లకి సిగ్గుండక్కర్లా? కడుపుకి అన్నమే తింటున్నారా? రాయి కిరణూ. ఈ రెండొందల నలభై బోల్టులూ, బయటా లోపలా, నేనొక్కణ్ణే, ఎవరి సాయమూ లేకుండా..."

టక్, టక్, టక్.

షుకూర్ టీగ్లాసు అడుగుతో రేకుబల్ల మీద మూడుసార్లు కొట్టాడు. పెద్దగా కూడా కొట్టలేదు. నరసింహారావు నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. పైకెత్తిన చెయ్యి పైనే ఆగిపోయింది.

"ఊఁ, ఎవరి సాయమూ లేకుండా..." అని కిరణ్ కుమార్ కలం పట్టుకుని చూస్తున్నాడు.

"ఏంటి బాబాయ్, అట్లా కొయ్యబారిపోయావు?" అన్నాడు ఆశీర్వాదం.

"మూడు దెబ్బలంటే సుత్తి ఆపమని," అన్నాడు నరసింహారావు. "లోపలివాడి చెయ్యి అడ్డంలో ఉందని."

"లోపలివాడెవరండి?"

నరసింహారావు ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు. బయట ఒకడు బోల్టు తల మీద కొడుతుంటే, పొయ్యిపెట్టెలో ఇంకొకడు కూర్చుని అవతలి తలకి ఇనపదిమ్మె ఆనించి ఎదురు పట్టాలి. లేకపోతే బోల్టు వెనక్కి జారిపోతుంది. ఆ రేకుల మధ్య కేకేసినా వినపడదు, అందుకని లోపలినుంచి రేకు మీద రెండు దెబ్బలంటే కొట్టు, మూడంటే ఆపు. ముప్ఫై ఏళ్లలో నరసింహారావు సుత్తి ఆ మూడు దెబ్బలకి ఆగని రోజు లేదు. అందుకే షుకూర్ వేళ్లు పదీ ఉన్నాయి. ఆ ఇనపపెట్టెలో కూర్చుని ప్రతి దెబ్బా విన్నందుకు చెవులు మాత్రం పోయాయి.

"పదకొండు, మేస్త్రీ," అన్నాడు షుకూర్ మెల్లగా. "బండిలో కాదు, షెడ్డులో. ఇంజను చల్లారాక రెండు రోజులు పట్టింది. అందులో రెండు నువ్వు వంకరగా దించితే మళ్లీ తీశాం. ఎవరి సాయమూ లేకుండా అని రాసి, దాని కింద నన్ను సంతకం పెట్టమంటావా?"

ఆశీర్వాదం నవ్వబోయి, మేస్త్రీ మొహం చూసి మానుకున్నాడు. కాంట్రాక్టరుని తిట్టిన తిట్లన్నీ నరసింహారావుకి ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఏ ఒక్కటీ తనకి వర్తించకుండా పోలేదు. సిగ్గేసింది. తల దించుకుని రోడ్డు అవతల ఇంజను చక్రాల వంక చూశాడు.

"కిరణూ, అది చింపెయ్యి. బోల్టులు పదకొండు. లోపల అబ్దుల్ షుకూర్, బయట నేను. ఆయన పేరు ముందు రాయి."

"వంకరవి రెండూ కూడా రాయమంటారా?"

"అర్జీలో అన్నీ ఎందుకయ్యా," అని విసుక్కున్నాడు. షుకూర్ వంక చూశాడు గాని, మళ్లీ నోరు విప్పడానికి ధైర్యం చాలలేదు.

షుకూర్ ఆఖరి గుక్క తాగి, ఖాళీ గ్లాసుతో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు.