జంబల్ లేపలేని కారు

మళ్ళీ తల అడ్డంగా ఊపుతావేంటయ్యా జంబల్? నువ్వు తల ఊపితే కారు లేస్తుందా? లోపలికి రా. ముందు ఆ తలుపు వెయ్యి, గాలికి పొయ్యిలో పిడకలన్నీ ఊరికే మండిపోతున్నాయి.

కూర్చో. అదిగో, మళ్ళీ తలుపు పక్కనే. మూడు వసంతాలుగా చూస్తున్నాను, మా గెర్‌లోకి ఎప్పుడొచ్చినా అక్కడే. ఇంత గుడారం ఉంది, పొయ్యికి ఆవల పైవైపున తివాసీ పరిచిన చోటుంది. నువ్వు మాత్రం కుక్కని పట్టుకోమని కేకేసి లోపలికొచ్చిన కొత్తవాడిలా ఆ అంచునే.

చాయ్ తాగు. ఉప్పు ఎక్కువైతే చెప్పు. చెప్పవులే. డబ్బా మొత్తం ఒంపినా గుటుక్కున మింగి గిన్నె చాపుతావు.

ఇంతకీ ఏమైందంటావు? చేత్తో చూపిస్తే ఎలా? నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా? ఆ, పెద్ద బ్యాటరీ. నిన్నా అదే అన్నావు, మొన్నా అదే అన్నావు. రేపు కూడా అదే అంటావు కాబోలు.

నాకొక్కటి అర్థం కావట్లేదు. మా ఆయన గోంచిగ్ పోయిన తర్వాతి వసంతం గుర్తుందా? మొదటి మంచు పడగానే ఉన్ని పట్టాలు కప్పి పడుకోబెట్టిన కారు, గొర్రెలు ఈనే వేళకి కట్టెలా బిగుసుకుపోయి ఉంది. తాళంచెవి నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. నువ్వు మోటారుసైకిల్ మీద వచ్చావు. ఆ తాళంచెవి పొట్టలోంచి చిన్న ఇనప చెవి లాగి తలుపు తీశావు. మా టీవీకి పెట్టుకున్న సోలార్ బ్యాటరీ మోసుకెళ్ళి రెండు తీగలు తగిలించావు. నేను చాయ్ కాచి తెచ్చేలోపు కారు లేచి కూర్చుంది. పోయినేడూ అంతే. కారు లేపడం నీకొక పనే కాదు.

మరి ఈ ఏడు ఏమొచ్చింది నీకు? మొదటి గొర్రె ఈనక ముందు చెయ్యి పెట్టావు. ఆ గొర్రె కన్న పిల్ల ఇప్పుడు బానెట్ ఎక్కి గెంతుతోంది.

ఈ కారు సంగతి నాకేమీ తెలియదనుకోకు. గోంచిగ్ అన్నీ చెప్పాడు. దీనికి బ్యాటరీలు రెండు. డిక్కీలో ఓ మూల చిన్నది, డిక్కీ నేల కింద పెద్దది. బలమంతా పెద్దదానిదే, కానీ చిన్నది లేచి పిలిస్తేగాని అది కళ్ళు తెరవదు. పొదుగు నిండా పాలున్నా, పిల్ల వచ్చి కుమ్మితేగాని తల్లి గొర్రె చేపదు చూడు, అలాగన్నమాట.

మొదటి రోజు చిన్నది చచ్చిపోయిందన్నావు. అది నిజమే, నేను కాదనను. పేటకెళ్ళి ఇంకోటి తెచ్చి బిగించావు. అప్పుడు లోపల దీపాలన్నీ వెలిగాయి, నేను గెర్ గుమ్మంలోంచి నా కళ్ళతో చూశాను. ఇంకేముంది, మీట నొక్కడమే తరువాయి అనుకున్నాను. నువ్వేం చేశావు? "ఆగు" అని చెప్పి వెనక సీటు మీంచి డిక్కీలోకి పాకావు. తలకాయ లోపల, బూట్లు బయట. కుక్క వచ్చి నీ బూట్లు వాసన చూసి, వాటి పక్కనే ముడుచుకుని నిద్ర కూడా పోయింది. ఎంతసేపటికో వెనక్కి పాకి వచ్చి, "పెద్దది పోయింది" అన్నావు. రెండు మాటలు. నీ లెక్కన అదొక ఉపన్యాసం.

మర్నాడేమో, పెద్దదానికి చలి పట్టిందన్నావు. వెచ్చబెట్టాలన్నావు. పిచ్చిదాన్ని, నమ్మాను. వెనక సీటు మడిచి, పట్టా పరిచి, కొత్తగా పుట్టిన పిల్లలన్నింటినీ తీసుకెళ్ళి దాని మీద పడుకోబెట్టాను. బ్యాటరీ వెచ్చబడిందో లేదో నాకు తెలియదుగాని, పిల్లలకి మాత్రం అదే ఇల్లయిపోయింది. సాయంత్రమైతే తల్లుల దగ్గరకి పోవు, కారు దగ్గరకి పోతాయి. తల్లులేమో కారు చుట్టూ నిలబడి ఏకరాగం. లోపల వాసన ఎలా ఉందో నీకు తెలుసు, రోజూ అందులో దూరేవాడివి నువ్వే కదా. ఆ కారులో బూజ్ కుడుముల గిన్నెలు పెట్టుకుని దర్ఖాన్ పట్నం వీధుల్లో తిరుగుతుందట మా చెల్లెలు సెర్మా. ఎవడు తింటాడు?

తెలుసులేవయ్యా, సెర్మా సంగతి నీకు తెలుసని తెలుసు. అయినా చెబుతాను. ఈ గుడారంలో చెప్పేదాన్ని నేనొక్కదాన్నే కదా. దాని బూజ్ హోటల్లో మాంసం కూరి ఒత్తే చేతులు తక్కువయ్యాయట. "అక్కా, నువ్వూ నీ కారూ రండి, సగం సగం" అంది. దానికి నాకంటే కారు మీదే ప్రేమ అనుకో. సరేనన్నాను. మందని పక్క లోయవాళ్ళు తోలుకెళ్తామన్నారు. ఇవాళ మధ్యాహ్నం కొండెక్కి ఫోను చెయ్యాలి, వస్తున్నానో లేదో తేల్చి చెప్పాలి. లేదంటే అది వేరే మనిషిని పెట్టుకుంటుంది. ఇవాళే, జంబల్. అందుకే పొద్దున్నుంచీ నీ వెంట పడుతున్నాను.

దర్ఖాన్ పోతున్నానని నీతో మొదట చెప్పిన రోజు, నువ్వేమన్నావో గుర్తుందా? గుర్తు లేదా? నాకుంది. నువ్వు చాయ్ గిన్నె కింద పెట్టావు. పొయ్యి వైపు చూశావు. చాలాసేపు చూశావు. ఏదో అంటావని నేను పిండి కలపడం కూడా ఆపేశాను. అప్పుడన్నావు, "రోడ్డు బాగుంటుంది" అని.

రోడ్డు బాగుంటుందట. నువ్వు వెళ్ళిపోయాక ఆ పిండిని ఎంత గట్టిగా పిసికానంటే, ఆ పూట నూనెలో వేయించిన బోర్త్సోగ్ బిళ్ళలు రాళ్ళయ్యాయి. మర్నాడు నీకు పెట్టింది అవే. నువ్వేమో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని అన్నీ నమిలేశావు.

అది సరేగాని, కారు లేవకపోతే నేను పోలేననుకున్నావా? ఈ వసంతంలో మన లోయలోంచి ఎన్ని లారీలు పోయాయి? చెయ్యెత్తితే ఎవడైనా ఆపుతాడు. ఆ సంగతి నీకు తట్టలేదు. నేను చెయ్యి ఎందుకు ఎత్తలేదో కూడా తట్టి ఉండదు.

ఇంకాస్త పొయ్యమంటావా? ఇటు వంగి గిన్నె అందుకో. నిన్న కూడా ఇలాగే వంగావు. అప్పుడు నీ డేల్ అంగీ రొమ్ము మడతలోంచి ఏదో తొంగిచూసింది. నారింజ రంగుది.

చెయ్యి అక్కడికి పోయిందేం? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. నేనింకా దొంగ అనలేదు కదయ్యా.

ముక్కుపొడుం సీసానా? నీ సీసా నాకు తెలియదా? అది ఆకుపచ్చ రాయి, మూత మీద చిన్న పగులు. ఈ గుడారంలో ఎన్నిసార్లు అందుకోలేదు నేను. ఇది అది కాదు. డిక్కీ నేల కింద నారింజ రంగు పిడి ఒకటి ఉంటుంది. అది లాగేస్తే పెద్ద బ్యాటరీకీ కారుకీ తెగతెంపులే. గోంచిగ్ నాకు దాన్ని చూపించి మరీ చెప్పాడు, "నారింజ రంగు ఏది కనబడినా చెయ్యి పెట్టకు నోర్జ్మా, కరుస్తుంది" అని. నిన్ను కరవలేదా? నీ మొహం చూసి జాలిపడి ఉంటుంది.

తియ్యి. ఇక్కడ పెట్టు, బల్ల మీద.

అమ్మో, వెచ్చగా ఉందే. పెద్దదానికి చలి పట్టిందని నా గొర్రెపిల్లల్ని తీసుకెళ్ళి కార్లో పడేయించి, దీన్ని మాత్రం గుండెకి ఆనించుకుని తిరిగావన్నమాట. గుర్రం మీదా, మోటారుసైకిల్ మీదా, పడుకున్నప్పుడూనూ?

నేను నవ్వుతున్నానని కోపం లేదనుకోకు. ఉంది. దొంగతనం చేసినందుకు కాదు. జంబల్ అబద్ధం ఆడాడంటే ఈ లోయలో ఎవరూ నమ్మరు, ఆ పరువు నీ దగ్గరే ఉంచుకో. నా కోపం వేరే. నన్ను పోనివ్వకూడదనుకున్న మనిషి ఒకడున్నాడని నాకు ఈ ప్లాస్టిక్ ముక్క చెప్పాలా? నీ నోరేమైంది?

చలికాలమంతా నేనేమనుకున్నానో తెలుసా? నేను వెళ్ళిపోతే ఇక్కడ ఎవరికీ ఏ లోటూ రాదనుకున్నాను. మంచు పడి దారి మూసుకుపోయిన రోజుల్లో, పొయ్యితోనూ కుక్కతోనూ మాట్లాడుకుంటూ అదే అనుకున్నాను. అందుకే సెర్మాకి సరేనన్నాను. బూజ్ ఒత్తడం మీద మోజుతో కాదు. నాకు భయమేసింది, అంతే.

కాబట్టి ఇప్పుడు నువ్వు చెప్పాలి. చేతులతో కాదు, తలతో కాదు. నీళ్ళు నమలకు. చాయ్ గిన్నె కూడా కింద పెట్టు, దాని వెనకాల దాక్కోకు. నేను మాట్లాడను. ఇదిగో, నోరు మూసుకున్నాను.

ఏంటి? వినపడలేదు. బయట ఆ పిల్ల ఒకటే అరుపు. మళ్ళీ అను.

ఆ. మొదటిసారే వినపడిందిలే. ఇంకోసారి వినాలనిపించింది. "వెళ్ళకు." ఒక్క మాట. ఇంత చిన్న మాట కోసం కారు పొట్ట కోశావు కదయ్యా.

లే. ఆ పిడి తీసుకుని బయటికి పద. దాన్ని మళ్ళీ లోపల దోపుకోకు, చేత్తో పట్టుకో. ఎందుకేంటి, కారు లేపడానికి. అలా గుడ్లప్పగించి చూడకు. కారు చచ్చి పడుందని నేను ఆగిపోతే, ఆపింది నీ దొంగతనం. కారు బతికుండగా ఆగానంటే, ఆగింది నేను. ఆ తేడా నీకు తెలియకపోయినా పరవాలేదు, నాకు తెలియాలి.

పద. చూసి నడు, మంచు కరిగి బురదగా ఉంది.

లేవండర్రా, లేవండి, మీ అమ్మల దగ్గరకి పొండి. చూశావా, ఒక్కటైనా కదులుతుందేమో? సరే, నువ్వే వాటి మీంచి పాకు. తొక్కకు. ముందు చిన్నదాని తీగ ఊడదియ్యి, గోంచిగ్ అలాగే చేసేవాడు. తీశావా? ఇప్పుడు ఆ పిడి పెట్టు. గట్టిగా నొక్కు. ఆ, టక్కుమంది, ఇక్కడికి వినపడింది. ఇక చిన్నది కలుపు.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. కాలు బ్రేకు మీద పెట్టాను. నొక్కనా? సరే, నొక్కుతున్నాను.

జంబల్. ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి, కారు లేచింది.

రా, రా, వెనక్కి పాకి ముందుకొచ్చి చూడు. చప్పుడే లేదు చూశావా? కొన్న కొత్తలో గోంచిగ్‌ని అడిగేదాన్ని, ఇది లేచిందో లేదో ఎలా తెలుస్తుందయ్యా అని. చప్పుడు కోసం చూడకు, కాలు మోపు, కదులుతుంది అనేవాడు. కొంతమంది మనుషులూ అంతేనేమో. నేనే ఇన్నాళ్ళూ చప్పుడు కోసం చూశాను.

ఎక్కు. అక్కడ కాదు, వెనక పిల్లలున్నాయి, నా పక్కన. మీద అంటుకున్న ఆ ఉన్నీ అదీ దులుపుకో. కొండ దాకా పోదాం. ఫోను కలిసేది అక్కడే కదా. సెర్మాతో నువ్వే మాట్లాడాలి. అవును, నువ్వే. నేను పక్కన నిలబడతాను, చెయ్యి కావాలంటే పట్టుకుంటాను, మాట మాత్రం సాయం చెయ్యను. ఏం చెప్పాలా? నీకు బాగా వచ్చిన మాటే చెప్పు. దర్ఖాన్ రోడ్డు ఈ ఏడు ఏమీ బాగాలేదని చెప్పు. అది తిడుతుంది. తిట్టనీ. అది తిడుతుంటే ఎదురు మాట్లాడకుండా వినడం నీకంటే ఎవరికొచ్చు? తిరిగొచ్చాక మాత్రం, మళ్ళీ ఆ తలుపు పక్కన కూర్చున్నావో ఊరుకోను. పైన తివాసీ మీద కూర్చో.

ఏంటి పైకి చూస్తున్నావు? ఓ, ఆ దీపమా. కారు కప్పుకి ఉన్న ఆ చిన్న దీపం.

మొదటి రోజే నువ్వు దాన్ని మీట నొక్కి ఆర్పడం చూశాను. పోయినేడు కూడా ఆర్పావు, ఆ ముందేడు కూడా. ప్రతి వసంతం వచ్చి చప్పుడు చెయ్యకుండా ఆర్పేస్తావు. బ్యాటరీ దేనివల్ల చచ్చిందో నీకు తెలుసు. ఎవరు వెలిగించి వదిలేశారని ఒక్కసారీ అడగలేదు. నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను, విను.

మొదటి ఏడు నిజంగానే మరిచిపోయాను. గోంచిగ్ పోయిన శరత్తు అది, నాకేం గుర్తుంది కనుక? ఆ తర్వాత రెండు శరత్తుల్లోనూ మరిచిపోలేదు. ఉన్ని పట్టాలు కప్పేముందు నేనే చెయ్యి పెట్టి వెలిగించాను. అది పట్టాల కింద వెలిగి వెలిగి ఎప్పుడో ఆరిపోతుంది. వసంతంలో నువ్వొస్తావు.

అలా నోరు తెరవకు, ఈగలు దూరుతాయి. ఈ శరత్తులో మాత్రం గుర్తుపెట్టుకుని ఆర్పేద్దాం. ఇంట్లోనే మనిషి ఉండగా బ్యాటరీని చంపుకోవడం దేనికి?