పెరూ ఫారంలో ఎనిమిదో ప్రశ్న

శనివారం మధ్యాహ్నం, క్రాన్‌బర్న్‌లోని తమ ఇంట్లో శేషుకుమారి ఉల్లిపాయలు తరుగుతోంది. వాకింగ్ గ్రూపుతో పెరూ కొండలెక్కాలని ఆమెకు రెండేళ్ళుగా కోరిక. ట్రావెల్ ఇన్సూరెన్సు ఫారం నింపమని లాప్‌టాప్ భర్త చేతికిచ్చింది.

“బీపీ?”

“ఉందనే కొట్టండి. మాత్రలు వేసుకుంటున్నాగా.”

“నిద్రకేమైనా ఇబ్బందా?”

“మీ గురకే. అది రాయకండి.”

“ఎనిమిదోది. ఈ ఏడాదిలో ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయారా?”

శేషుకుమారి చేతిలో కత్తి ఆగింది.

“లేదు.”

“యెస్ అని కొడుతున్నా.”

“అదేంటండీ!”

“మార్చిలో కొండ మెట్ల మీద పడ్డావు. మీ గ్రూపులో జూడీ ఆ రోజే ఫోన్ చేసి చెప్పింది.”

“మూడు నెలల్నుంచి తెలిసీ నోరు మెదపలేదా?”

“నువ్వే చెబుతావని చూశా.”

“చెబితే వెళ్ళనిస్తారా మీరు?”

“దాస్తే అక్కడేదైనా అయినప్పుడు ఈ ఇన్సూరెన్సు చెల్లదు. అంత ఎత్తులో మళ్ళీ పడితే? సోమవారం డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెబుదాం. ఆవిడ సరేనంటే వెళ్దాం.”

శేషుకుమారి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. కన్నీళ్ళకి ఉల్లిపాయలు సాకుగా దొరికినందుకు సంతోషించింది.

“వెళ్దామా? నిచ్చెన మీద రెండో మెట్టెక్కితేనే మీకు కాళ్ళు వణుకుతాయి కదండీ!”

“వణుకుతాయి. కానీ ఎత్తులంటే భయమా అని ఈ ఫారంలో ఎక్కడా అడగలేదు. అందుకే నా పేరు కూడా చేర్చేశా.”