వియ్యంకుడి షెడ్డులో మిడత

హలో… ఆ, నేనే బావగారూ. మీ వియ్యంకుణ్ణే.

నా నంబరు చూసి కూడా ఎత్తారే. సంతోషం…

లేదు లేదు, పిల్లలు బాగానే ఉన్నారు. మీ అబ్బాయి, మా అమ్మాయి, మనవడు, అందరూ శుభ్రంగా ఉన్నారు. కంగారుపడకండి.

కారు గురించి—

పెట్టెయ్యకండి. బావగారూ… ఒక్క మాట విని పెట్టెయ్యండి. పోట్లాటకి చెయ్యలేదు ఫోను.

ఆ, ఆరేళ్లయింది. తెలుసు. పిల్లల పెళ్లి భోజనాల దగ్గర మీ మిడత కారుని దొంగ మిడత అన్నాను. మీరు నాదాన్ని రేకు డబ్బా అన్నారు. ఎవరు ముందన్నారో ఇప్పుడొద్దు. దాని మూలాన మనవడికి ఏటా రెండు పుట్టినరోజులు చేస్తున్నాం. వాడు అందరి పిల్లలకీ రెండేసి ఉంటాయనుకుంటున్నాడు, పాపం…

అదే చెబుతున్నా. రేపు కొండ దగ్గర, ఆదివారం రేసుకి ముందు, పాత కార్లలో అసలేదో దొంగేదో తేల్చే పరీక్ష కదా. గడియారాలు రిపేరు చేసుకునే ఆయన తన చేత్తో కట్టిన మిడత లోకంలో ఒక్కటే. కొండ మీదికి దాన్ని మించి ఎక్కిన బండి ఆ రోజుల్లో లేదు. ఇప్పుడు చూస్తే రెండు మిడతలు. ఒకటి మీ దగ్గర, ఒకటి నా దగ్గర. ఒకదాన్ని ఇంటికి పంపిస్తామని పరీక్షవాళ్లు ముందే చెప్పారు…

నాదాన్నే ఒప్పుకుంటారంటారా? ఇంజను నంబరు నా దగ్గరుందని? అందుకేనా మీకు నిద్ర లేదు…

వినండి మరి. నేనివాళ పొద్దున పాత ఇనప కొట్టు ముసలావిణ్ణి కలిశాను—

మీరూ కలిశారా? నిన్నా?

అయితే మీకూ చెప్పిందన్నమాట. వాళ్ల నాన్నే కోశాడని… ఆ, కోశాడు. మలుపులో బండి గోడకి కొట్టుకుని కొట్టుకి వస్తే, రంపం పెట్టి నడుం దగ్గర రెండు ముక్కలు చేశాడు. ముందు సగం ఇంజనుతో సహా తోటవాడికి, నీళ్లు తోడుకోడానికి. వెనక సగం ఇరుసు, చక్రాలతో సహా ఇటుక బట్టీవాడికి, ఇటుకలు లాక్కోడానికి…

నాది దొరికింది తోటలో. మీది బట్టీలో. మిగతా సగాలు మనం కట్టించుకున్నవే. మరింకేం కావాలి బావగారూ.

తనని బండి తోక మీద కూర్చోబెట్టారని మీకూ చెప్పిందా? రంపం కోస్తుంటే బండి ఊగకుండా, ఆవిడ చిన్నపిల్ల అప్పుడు. పళ్లు టకటకా కొట్టుకున్నాయంటూ నవ్వింది. ఇప్పుడు ఒక్క పన్నూ లేదు నోట్లో. ఆ నవ్వు చూసి నాకూ ఆగలేదు. కొట్టు బయట నిలబడి ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే ఆటోవాళ్లు పక్కకి తప్పుకుని పోయారు…

మరి నిన్ననే తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?

చేశారా? … ఆ, చూశాను. మీ నంబరు చూసే ఎత్తలేదు. సరే, అది నా బుద్ధి.

ఎక్కడున్నానా? … చెబుతాను. కోప్పడనంటే చెబుతాను.

మీ షెడ్డులో.

మీ షెడ్డే. మీ ఇంటి వెనక, నీలం తలుపు. చెల్లెమ్మే తాళం తీసింది. మీరు పనిమీద ఊరెళ్లారంది, కాఫీ ఇచ్చింది, చక్కెర దండిగా వేసింది…

మిడత కింద. ఆ, కిందే. చక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. దొంగతనానికి కాదు, చూడ్డానికి. తిట్టండి, తిట్టించుకోవాలనే ఫోన్ చేశాను—

ఎందుకు నవ్వుతున్నారు?

బావగారూ… నవ్వుతారేం. చెప్పండి.

ఉండండి, ఆ మొరుగుడేంటి? … ఆ గొంతు నేనెరుగుదును. అది మా కుక్క.

మా షెడ్డులోనా?

నా మిడత కిందా?

తలుపెవరు తీశారు… మా ఆవిడా. షర్బత్తు ఇచ్చిందా. నాకు డాక్టరు వద్దన్నాడని ఇంట్లో చక్కెర గింజ లేదంటుంది బావగారూ, మీకు షర్బత్తెలా కలిపింది?

అంటే వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారా… రోజూనా? … రెండు తాళాలూ ఒకేసారి తీశారంటే ఊరికేనా. మనం మూతులు ముడుచుకుని కూర్చుంటే వాళ్లు మన వెనక సంసారం నడుపుతున్నారు.

సరే. సరే బావగారూ. నవ్వింది చాలు, నా పొట్ట ఊగితే మీ సైలెన్సరుకి తగులుతోంది. వచ్చిన పని చూద్దాం.

టార్చి ఉందా? మా గోడ అలమరలో… తీసేసుకున్నారా అప్పుడే. బాగుంది.

సీటు కింద చూడండి. ఛాసిస్‌కి నాలుగు గొట్టాలు, పైన రెండు, కింద రెండు. మూడింటిని ఒకే గీత మీద కోశాడు ముసలావిడ నాన్న. నాలుగోది కోస్తుంటే రంపం ఇరుక్కుని విరిగింది. అక్కడ వదిలేసి, జానెడు ముందుకి జరిగి మళ్లీ కోశాడు… అవును, ముసలావిడ చేత్తో కొలిచి చూపించింది. మీకూ చూపించిందా? … అంటే మిగతా మూడు అతుకులకంటే ఆ ఒక్క అతుకు జానెడు ముందుండాలి. మీ బండిలోనూ, నా బండిలోనూ.

కుడి పైది చూడండి… అతుకుందా? ఇక్కడా ఉంది. కుడి కిందిది… అదే గీతలో. సరే. ఎడమ పైది… అదే గీత. ఇక్కడా అంతే.

ఇక ఎడమ కిందిది.

మీ ఎడమ కాదు, బండి ఎడమ. వెల్లకిలా పడుకున్నాం కదా, గజిబిజి అవుతోంది. సైలెన్సరు అవతల పక్క… ఆ, అదే.

మీరు చెప్పకండి. నేను చెప్పాక చెబితే వంత పాడారంటాను. మీరు ముందంటే నేను పాడానంటారు. ఇద్దరం ఒకేసారి. ఒకటి… రెండు—

జానెడు ముందుకి.

జానెడు ముందుకే బావగారూ… ఏమన్నారు, మళ్లీ అనండి… జానెడే. నా బొటనవేలు ఇక్కడ, చిటికెనవేలు అక్కడ. అతుకు కింద సరిగ్గా…

ఇంకొకటి. మీ గొట్టం మీద రంగు కొంచెం గీకాను. గోరుతోనే. మిగతా మూడు అతుకుల గీతలో ఒక గాటుంది లోపల. సగం కోసి వదిలేసిన గాటు. అరవై ఏళ్లనాటి గాటు బావగారూ, నా వేలు అందులో ఉంది ఇప్పుడు.

మీరూ గీకారా నాదాన్ని? గీకండి. మొత్తం గీకండి. ఇంక రంగెందుకు దానికి.

అంటే… ఆ. నాది సగం దొంగ. మీది సగం దొంగ.

సగం దొర కూడా, అవును. అలాగే అందాం.

ఒకటడుగుతాను. బరువు తగ్గాలని ఆ గడియారాలాయన ప్రతి రేకుకీ బెజ్జాలు వేశాడు కదా. మీ క్లచ్ పెడల్ బెజ్జాలు ఎవరివి? … మీరే వేశారా. నేను మా తోక రేకుకి వేసినవి రెండు నెలలు వేశాను. వేసి, చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ఆయన చేతిపనే చేతిపని అని చూపించాను. కొన్నాళ్లకి నేనే నమ్మేశాను… మీరూనా. హమ్మయ్య.

రేపు ఏం చెబుదాం?

ఏమీ చెప్పకపోతే నాకే ఇస్తారు కాగితం, మీరన్నట్టు. ఇంజను నంబరు చూసి, పూర్తి మిడత అని రాసి ముద్ర కొట్టేస్తారు. గోడకి తగిలించుకుని ఏడాదికోసారి తుడుచుకోవచ్చు…

వద్దు బావగారూ. పొద్దున ఆవిడ దగ్గర్నించి వస్తూ దారంతా ఆలోచించాను. నాకు కాగితం వద్దు. మిడత కావాలి.

మీరెందుకు నసుగుతున్నారు? … మీదాని వెనక సగం, నాదాని ముందు సగం. అదే కదా మీరనబోయింది? అదే నేనూ అంటున్నా. రేపు ఇద్దరం పక్కపక్కన నిలబెట్టి నిజం చెప్పేద్దాం. ఆదివారం రేసు ఎవరైనా గెలుచుకోనీ. వచ్చే ఏటికి అతికేద్దాం.

మా షెడ్డులో… మీ షెడ్డెందుకు? మీ షెడ్డు కప్పు కారుతోంది, ఇప్పుడే నా చెవిలో ఒక చుక్క పడింది… మళ్లీ మొదలెట్టకండి. సరే, మీదీ వద్దు, మాదీ వద్దు. పిల్లల గ్యారేజీలో. అల్లుడు వాడి కారు బయట పెట్టుకుంటాడు, ఏం పోయింది.

మిగిలిపోయే ముక్కలా? మీ ముందూ, నా వెనకా కలిపితే ఇంకో మిడత. అది నిఖార్సైన దొంగ. అది మనవడికి. పెద్దయ్యాక వాడు ఎవరితోనన్నా పోట్లాడుకుంటాడు.

నడిపేది మీరే.

నేను పట్టను బావగారూ అందులో. గడియారాలాయన బక్కమనిషి, తన కొలతకి కట్టుకున్నాడు. ఇన్నాళ్లూ నా మిడతని నేను నడిపానని మీరు నమ్మారా? షెడ్డులోంచి బయటికీ, బయట్నుంచి షెడ్డులోకీ తోశాను. అంతే… మా ఆవిడకి తెలుసు. ఇప్పుడు మీకు.

సగం కొండ మీరు, సగం కొండ నేనా? మధ్యలో దిగి మారుతూ కూర్చుంటే గడియారం ఆగుతుందా మన కోసం? … వద్దు. మీరెక్కించండి. నేను పైన, చివరి మలుపు దాటాక నిలబడతాను. వస్తోంది వస్తోంది అని అందరికీ చెబుతుంటాను.

నా దగ్గరికొచ్చాక మెల్లగా పోనిస్తారా, నేను బాగా చూడ్డానికి?

గడియారం ఏమైపోవాలి బావగారూ?

…సరే. మెల్లగానే. తొందరేం లేదు.

మీ చేతిలో స్పానరుందా? ఒక పని చేద్దాం. ఫోను ఆ ఎడమ కింది గొట్టం పక్కనే పెట్టండి, నేల మీద. నేనూ ఇక్కడ పెడతాను. ముందు నేను గొట్టం మీద కొడతాను ఇక్కడ్నుంచి. విన్నాక మీరు కొట్టండి. మనం మాట్లాడొద్దు, అరవై ఏళ్ల తరవాత ఆ రెండు సగాల్నీ మాట్లాడుకోనిద్దాం…

ఆ, పెడుతున్నా. పెట్టేశాను. వినండి.