రక్షకాగితం కింద

తైవాన్‌లోని తైనాన్ ఊళ్ళో, ఒక మరమ్మతు దుకాణంలో, గుద్దుకున్న మోటారుసైకిలు చక్రాల వెంట దారం లాగి చూసిన మెకానిక్కుకు ముందు చక్రం వేలిమందం పక్కకు పోయినట్టు తేలింది. పగులుంటే హ్యాండిలు కింద, ఫ్రేము మెడ దగ్గరే ఉండాలి. సరిగ్గా అక్కడే గుడివారి పసుపు రక్షకాగితం అతికించి ఉంది.

"మామయ్యా, ఈ కాగితం తీయాలి," అందామె బండి యజమానితో.

"ముట్టుకోకమ్మాయ్! నిన్న లారీని గుద్దినా నా ఒంటిమీద గీత పడలేదంటే దాని మహిమే."

"బండికి పడిందేమో! రేపు అత్తయ్యను ఎక్కించుకుని కొండదారిన పోతానన్నారుగా?"

"స్వామినే అడుగుతా." ఆయన జేబులోంచి రెండు నెలవంక చెక్కలు తీసి నేల మీద వేశాడు. "రెండూ బోర్లా పడ్డాయి. వద్దంటున్నాడు."

"అయితే రేపు వెనక సీట్లో తనే కూర్చుంటాడేమో అడగండి."

మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ బోర్లానే.

"రానంటున్నాడే!"

"మరి అత్తయ్య?"

ఆయన చెక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు. "తియ్యి."

కాగితం కింద గోరు దూరేంత పగులు కనిపించింది.

"చూశావా! నిన్నటి నుంచి బండి విరక్కుండా పట్టుకున్నది ఆ కాగితమే. మళ్ళీ అక్కడే అతికించు."

"అలాగే మామయ్యా. కొత్త ఫ్రేముకి."