ఐదు చుక్కల కుక్కరు

సికింద్రాబాదులో ఓ మేడమీది వాటా. ఇంటాయన సోమయ్య ఒక చేత్తో మూత లేని కుక్కరునూ, ఇంకో చేత్తో అద్దెకున్న పైడిబాబు చొక్కానూ పట్టుకుని ఉన్నాడు.

“చెయ్యి చాపు.”

“బాబాయ్‌గారూ, ముందు చొక్కా వదలండి, మాటాడుకుందాం—”

“కుడిచెయ్యి చాపుమన్న! టైపు కొట్టింది అదే గదా? ఈ కుక్కరు పిడితోనే దాని వేళ్లు ఇరగ్గొడ్త.”

“ఏటయిందండీ? నేనిప్పుడే ఆఫీసు నుంచి దిగాను...”

“బేగంపేటల నీ ఆఫీసుకు ఆ పేలుడు ఇనబడలేదా? బోయిన్‌పల్లి మార్కెట్ల తూకం రాళ్లు ఎగిరి పడ్డయట! మీ పిన్ని లచ్చమ్మ ఈ కుక్కర్ల పప్పు పెట్టింది. ఎంతసేపున్నా కూత రాలే. ఏందోనని వంగి చూసింది. మూత లేచి కప్పుకు కొట్టుకున్నది. ఉడుకుడుకు పప్పంతా దాని మొఖం మీద! బట్టతోని తుడిస్తే తోలు ఊడొచ్చిందిరా!”

“అయ్యో, పిన్నిగారు...”

“దవాఖానల ఏసొచ్చిన. ఒక కన్ను పోయిందన్నరు. సీదా వచ్చి నీ తలుపు తన్నిన.”

“అమ్మింది ఆ ఆన్‌లైన్ సైటువాళ్లు కదండీ, నేనేం చేశాను?”

“వాండ్ల సంగతి నాకెర్క లేదా? సగం ధరంటరు. ఇంక రెండే ఉన్నయ్, జల్ది కొనుమంటరు. నేను నమ్మలే. కిందికి జరిపితే నీ పేరు, నీ ఫోటో! ఐదు చుక్కలు! మా మేడమీది పోరడే రాసిండని కొన్న. ఏం రాసినవ్? నీ ఫోను తీసి చదువు.”

“వద్దండీ...”

“చదువుమంటున్న!”

“‘ఏడాది నుంచి వాడుతున్నాం. మేడ మీంచి పడ్డా సొట్ట పడలేదు. మా అమ్మయితే దీన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటుంది...’”

“మీ అమ్మ ఎన్నడో సచ్చిపాయె గదరా!”

“అబ్బా! వేలు! వేలు విరిగిపోద్ది!”

“ఇరగనీ. ఇంకా తొమ్మిదున్నయ్. దాంట్ల ఏమేం వండినవ్?”

“ఏమీ వండలేదు! సీలే తియ్యలేదు! అలా రాస్తే ఊరికే ఒకటి పంపుతామన్నారు. అందరూ రాస్తారండీ, ఎవరూ నిజంగా—”

“ఎవరూ నమ్మరా? నేను నమ్మిన!”

“తప్పయిపోయింది, బాబాయ్‌గారూ. చంపెయ్యండి.”

“సంపుడెందుకు? నీ కుక్కరు తే. పొయ్యి మీద పెడ్త. నువ్వు దాని మీదికి వంగి నిలబడు. కూత ముందొస్తదో, మూత ముందొస్తదో చూద్దాం. ఏడున్నది?”

“లేదు.”

“ఏడ దాచినవ్?”

“దాచలేదు, ఇచ్చేశాను. ఒంటరోణ్ణి, నాకు కుక్కరెందుకని...”

“ఎవరికిచ్చినవ్?”

“కొత్తింటికి పిలిచారు కదా... ఖాళీ చేతుల్తో ఎలా వెళ్తామని... రంగు కాయితం చుట్టి...”

“ఎవరి కొత్తిల్లురా?”

“బన్సీలాల్‌పేటలో. మీ కల్పలతది.”

“నా బిడ్డకా!”

“బాబాయ్‌గారూ, కూర్చోండి. కుక్కరు కింద పెట్టండి...”

“ఫోను... ఫోను కలుపు. జల్ది! దానికి తల్లి సంగతి సుత ఇంక చెప్పలే. కలుపురా!”

“కలిపాను. స్పీకర్‌లో పెట్టాను. ఎత్తారు, మాటాడండి.”

“బిడ్డా! నేను—”

“నాన్నా, జెర లైన్ల ఉండు. పైడిబాబు ఇచ్చిన కుక్కరు ఇయాలే షురూ చేసిన. ఎంతసేపున్నా కూత వస్తలే. చూసొస్త.”