సంజీవమ్మ కొనిపెట్టిన తుపాకి

శుక్రవారం మధ్యాహ్నం. కువైట్‌లోని ఫింటాస్ సముద్రం ఒడ్డున చలికాలపు ఎండ పల్చగా కాస్తోంది. కడప, రాయచోటి వైపు ఆడవాళ్లు కొందరు దుప్పటి పరుచుకొని, మధ్యలో టీ ఫ్లాస్కు పెట్టుకొని కూర్చున్నారు. అందరూ అరబ్బుల ఇళ్లలో పనిచేసేవాళ్లే; ఇంటి యజమాని వాళ్లకు బాబా, యజమానురాలు మామా. నడిమధ్యన సంజీవమ్మ. కువైట్‌కు అందరికన్నా ముందొచ్చింది ఆమె. అరబీ గడగడా మాట్లాడుతుందని పేరు. ఆ పేరు పెట్టుకున్నదీ ఆమే.

ఆ రోజు వాళ్లు కూర్చున్నది ఊసుపోక కాదు. వెంకటేశ్వరి కూతురు రాయచోటిలో పెద్దమనిషి అయింది. వేడుకకు తల్లి పోవాలి. పది రోజులు సెలవియ్యమంటే వాళ్ల మామా "బుక్రా, బుక్రా" అంటోంది. రేపు రేపంటూ వారం గడిచింది. పాస్‌పోర్టు ఆమె బీరువాలో ఉంది.

"అక్కా, నీకు అరబీ బాగొచ్చు. నువ్వొచ్చి మా మామాతో ఒక్క మాట చెప్పక్కా" అంది వెంకటేశ్వరి.

ఆ మామా సంగతి సంజీవమ్మకు తెలుసు. మామా గొంతు లేస్తే వీధిలో పిల్లులు కార్ల కిందికి దూరతాయి. అయినా సంజీవమ్మ పైకి మాత్రం నవ్వింది.

"ఒక మాటేంది మే, పది చెప్తా. మామాతో మాట్లాడేది నాకొక లెక్కనా? మా బాబాకు తుపాకి కొనిపెట్టినదాన్ని నేను!"

"తుపాకా?" పుష్పలత టీ గ్లాసు కింద పెట్టేసింది.

ఇంక సంజీవమ్మ ఆగుతుందా!

"ఆ, తుపాకే. చలికాలం వస్తే మా బాబాకు ఎడారికి పోయి గుడారమేసుకునే పిచ్చి, దానికి తోడు పిట్టల్ని కొట్టే యేట పిచ్చి. కొత్త తుపాకి వద్దు, ఒకరు వాడిందైతే చేతికి ఒదిగుంటాదని, ఎగైలాలో పాత మిలిట్రీ ఆయప్పొకడు అమ్ముతాండాడంటే లైసెన్సు కాయితాలన్నీ పెట్టుకోని బయల్దేరె. 'సంజీవా, నువ్వూ రా, చంటోడు ఏడిస్తే ఎత్తుకోవాల' అనె. నన్ను పిలిచింది చంటోని కోసమే, లేదంటానా? ఉన్నమాట చెప్పుకోవాల కదా."

ఆ నిజాయితీకి అందరూ తలలూపారు. మొదట ఒక నిజం పరిచిపెడితే దాని మీద ఎంతైనా ఆరబోసుకోవచ్చని సంజీవమ్మకు బాగా తెలుసు.

"ఆయప్ప తెచ్చి బల్ల మింద పెట్టినాడు. నల్లగా నిగనిగలాడతా బారెడుండాది. 'ఇది అస్కరీ, అసలైన మిలిట్రీ సరుకు' అనె. మా బాబా నోరు తెరిచేసినాడు. నేను చంటోన్ని సంకనేసుకోని అట్ల ఒక్క సూపు సూస్తి. 'బాబా, ఇది మిలిట్రీది కాదు, యేటదే. పైన నల్లరంగు పూసినాడు' అంటి."

"నీకెట్ల తెల్సక్కా?" అంది మహబూబ్ బీ. కొత్తగా వచ్చిన మనిషి, ఏది చెప్పినా నమ్ముతుంది.

"ఎట్లేంది మే, కండ్లు లేవా నాకు? మిలిట్రీ దానికి పక్కన చిన్న మీటుంటాది. అది తిప్పి ఒత్తి పట్టుకుంటే దడదడదడ తూటాలు పోతానే ఉంటాయి. యేట దానికి ఆ మీటే ఉండదు, ఒత్తినప్పుడల్లా ఒకటే. మిలిట్రీ దాని గొట్టం మందం, మూతి కాడ కత్తి తగిలించను కొక్కెముంటాది. యేట దానికి కత్తెందుకు, జింకతో కుస్తీ పడ్తారా ఎవరైనా? రెండూ ఒకే కంపెనీలో పుట్టిన అక్కచెల్లెండ్లే. కాకుంటే ఒకతె సంసారి, ఇంకొకతె గయ్యాళి."

ఇదంతా ఆ రోజు అమ్మే పెద్దాయన బాబాకు చెబుతుంటే తలుపు సందులోంచి విన్నదే. సగమే అర్థమైంది. మిగతా సగం ఇప్పుడు అర్థం చేసుకుంటోంది.

"ఆ పైన ఏం చేసినానో తెల్సునా? గొట్టంలోకి కన్ను పెట్టి సూస్తి. చిన్నప్పట్నుంచి ఊదుగొట్టంతో పొయ్యి ఊదినదాన్ని, గొట్టం మంచీ చెడ్డా నాకు తెలీదా? లోపలంతా మెలికలు మెలికలుగా గాట్లుంటాయి. ఆ గాట్లు సూసి ఎన్ని తూటాలు పోయిండాయో చెప్పేస్తి. ఎవరు కాల్చిందీ చెప్పేస్తి. ఏ పొద్దు కాల్చింది, దేన్ని కాల్చింది, తగిలిందా లేదా, అదీ చెప్పేస్తి!"

"తగిలిందా అక్కా?"

"యాడ తగిలె! అన్నీ ఇసకలోకే. ఆ మాట అంటానే ముసలాయన మొకం వాడిన కొత్తిమీర కట్టైపాయె."

"అక్కా, మా మామా కాడికి ఎప్పుడు..." వెంకటేశ్వరి మెల్లగా అడిగింది.

"పోదాం మే, ఉండు. తుపాకి ఇంకా పేలనేలేదు!" సంజీవమ్మ గొంతు పెంచింది. "ముసలాయనకు రోషమొచ్చె. మిలిట్రీకి ఫోను కొట్టె. జీపులో అసలు మిలిట్రీ తుపాకి వచ్చె, దాని ఎనక కర్నలొకాయన వచ్చె. 'యల్లా, పదండి, రెండూ ఎడారిలో తేల్చుకుందాం' అనె. పోతిమి. దూరంగా ఒక పాల డబ్బా పెట్టించినారు. ఎంత దూరమంటావా? డబ్బా పెట్టను పోయినోడు అన్నం మూట కట్టుకోని పోయినాడు."

"అంత దూరం నీ కంటికి ఆనిందా?"

"ఆన్లేదు. వాసన పట్టినా. పాల డబ్బా కదా. కర్నలు మీట తిప్పి దడదడదడ కాల్చె. నేను చంటోన్ని దించల్యా. సంకలోనే పెట్టుకోని, ఒంటి చేత్తో, ఒక్కటంటే ఒక్కటి. ఆ పైన ఏమైందో తెల్సునా? ఎనక పోయిన నా తూటా ముందు పోతాండే ఆయన తూటాలను దాటేసె! ఒక్కోదాన్ని మోచేత్తో తోసినట్ల తోసుకుంటా పోయె. డబ్బాకు తూట్లు పొడిచె. ఆడికీ ఆగలా. ఖర్జూరం గెల తెంపె. ఒంటె మెడలో గంట మోగించె. ఒంటెకు దెబ్బ తగల్లా, నేను జీవహింస చెయ్యను కదా..."

"యేట తుపాకి పట్టుకోని జీవహింస చెయ్యవా?" అంది పుష్పలత.

"నడిమధ్యలో మాట్లాడితే తూటా దారి తప్పుతాది, ఉండు! అట్ల పోయి పోయి ఇదో, ఈ సముద్రంలోనే పడె. ఆ కాకకు నీళ్లు సలసలా కాగి, చేపలన్నీ ఏగి పైకి తేలె. ఉప్పు కూడా ఎయ్యాల్సిన పని లేదు, సముద్రమే ఏసుకునె. మసాలా ఒకటే తక్కువ!"

మహబూబ్ బీ తల తిప్పి సముద్రం వైపు చూసింది, ఇంకా ఏమైనా తేలుతున్నాయేమో అన్నట్టు.

"కర్నలు టోపీ తీసి సంకలో పెట్టుకునె. 'అమ్మా, మా సిపాయిలకు తుపాకులన్నీ నువ్వే ఏరిపెట్టాల, గురి నువ్వే నేర్పించాల' అనె. బంగళా ఇస్తాననె, కారిస్తాననె. 'మా చంటోనికి బువ్వెవరు పెడ్తారయ్యా?' అని నేనే వద్దంటి. ఖలాస్!"

"సంజీవక్కా!"

వెనక నుంచి వచ్చిన ఆ గొంతు విని సంజీవమ్మ తిరిగి చూసింది. హుస్సేన్ బీ. ఎగైలాలో తుపాకి అమ్మిన ఆ పెద్దాయన ఇంట్లోనే వంటమనిషి. శుక్రవారాలు ఎన్నడూ సెలవు దొరకని మనిషి. ఈ రోజే దొరకాలా!

"ఎంతసేపట్నుంచి నిలబడుండావు మే?" అంది సంజీవమ్మ.

"గొట్టంలో కన్ను పెట్టినప్పట్నుంచి." హుస్సేన్ బీ వచ్చి దుప్పటి మీద కూర్చుంది. "ఆ పొద్దు నువ్వు మా వంటింట్లో నా పక్కనే కూర్చోని టమాటాలు కోస్తాంటివి కదక్కా? ఇనండి మే. లోపల తూటా లేదని చూపించను మా బాబా ఉత్తగనే ఒత్తినాడు. టక్ మనింది, అంతే. ఈయమ్మ పోయి బియ్యం మూట ఎనక దూరింది. చెయ్యి సూసుకుంటే ఎర్రగుండాది. 'కాల్చేసినార్రో, నా బిడ్డలకు ఫోన్ చెయ్యండ్రో' అని ఒకటే ఏడుపు. చెయ్యి పట్టుకోని కడిగితే, గుప్పిట్లో టమాటా నలిగిండాది! చంటోడైతే ఒకటే నగుడు."

ఆడవాళ్లు దుప్పటి మీద పడి దొర్లారు. పుష్పలతకు టీ ముక్కులోకి పోయింది. "అది ఇంకో పొద్దు మే, తుపాకి కొన్నది ఇంకో పొద్దు..." అని సంజీవమ్మ అంటూనే ఉంది. ఎవరూ వినలేదు.

వెంకటేశ్వరి ఒక్కతే నవ్వలేదు. పొద్దు వాలుతోంది. మామా ఇల్లు చేరేలోపు తను ఇంట్లో ఉండాలి. లేచి చెప్పులేసుకుంది.

"అయితే నువ్వు రావు కదక్కా."

ఇంతసేపూ నవ్విన వాళ్లలో ఒకరు గ్లాసులు సర్దసాగారు, ఇంకొకరు ఫోన్ తీసుకున్నారు. ఎవరైనా 'నేనొస్తా' అంటారేమోనని సంజీవమ్మ ఆశగా అందరి ముఖాలూ చూసింది.

"నడువు మే" అంటూ లేచింది.

వాళ్లు చేరేసరికి మామా వచ్చేసింది. తలుపు ఆమే తీసింది. ఆమెను చూడగానే సంజీవమ్మ నేర్చిన అరబీ అంతా ఎటో ఎగిరిపోయింది. "మామా... బింత్... బింత్ కబీర్..." అంది. అమ్మాయి, పెద్ద అమ్మాయి అని. మామా కనుబొమలు ముడేసింది. సంజీవమ్మ వెంకటేశ్వరిని చూపించింది. లేని ఓణీ చుట్టుకుంది, లేని పూలు పెట్టుకుంది, లేని గాజులు తొడుక్కుంది, చివరికి సిగ్గుపడి కూడా చూపించింది. ఎందుకో తెలియదు, ఆ సిగ్గుపడే దగ్గర కళ్లల్లో నీళ్లొచ్చేశాయి. అయినా అక్కడి నుంచి కదల్లేదు.

మామా ఇద్దరినీ చూసింది. "పది రోజులు. పదకొండో రోజు ఇక్కడుండాలి. తలుపెయ్యండి, దుమ్మొస్తోంది" అని లోపలికి పోయింది.

సంజీవమ్మ బయటికొచ్చి, గోడకు ఆనుకొని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

మరుసటి శుక్రవారం వెంకటేశ్వరి పాస్‌పోర్టు, టికెట్టుతో వచ్చింది. సంజీవమ్మ మళ్లీ దుప్పటికి నడిమధ్యన ఉంది.

"నేను పోయి గుమ్మంలో నిలబడ్తి. 'మా పిల్లంటే ఏమనుకుంటాండావు?' అని అరబీలో దులిపేస్తి. మామా గడగడా వణికె. వంగి నా రెండు కాళ్లూ పట్టుకునె మే!"

ఈ వారమూ సెలవు దొరికించుకున్న హుస్సేన్ బీ పకపకా నవ్వింది. అందరూ వెంకటేశ్వరి వైపు తిరిగారు. ఆ రోజు మామా గుమ్మంలో సంజీవమ్మ పక్కనున్నది ఆమె ఒక్కతే మరి. సంజీవమ్మ తల దించుకొని దుప్పటి అంచు సవరించుకుంది.

వెంకటేశ్వరి టీ ఊదుకొని ఒక గుక్క తాగింది.

"అబద్ధమెందుకక్కా" అంది. "రెండు కాదు. ఒక కాలే పట్టుకునింది."