మూడు చుట్లు తిరిగితేనే సంతకం

రాధమ్మ, విశ్రాంత స్వీపరు, సూర్యాపేట బస్టాండు

1981 జూలై 6, సోమవారం. ఆనాడు పొద్దున్నే మిర్యాలగూడ దగ్గరి తండాలో శ్రీమతి మోతీబాయి గారు తమ భర్త ప్రయాణానికి ఖాకీ సంచి సర్దారు. మార్చుకోవడానికి ఒక చొక్కా, తువ్వాల, రెండు జొన్నరొట్టెలు, కాగితంలో చుట్టిన ఎల్లిపాయ కారం, ఒక ఉల్లిగడ్డ. సంచి మూతి కట్టినాక మళ్లీ విప్పి ఇంకో రొట్టె పెట్టారట. "మూడెందుకే?" అని భర్త అడిగితే, "కొత్త డిపో, కొత్త మనుషులు. ఎవరికన్న పెట్టకుంట నువ్వొక్కనివే తింటవా?" అన్నారట. ఆ సంచి భుజాన వేసుకొని, మిర్యాలగూడ నుంచి బదిలీపై వచ్చి, మన సూర్యాపేట డిపోలో కండక్టరుగా చేరినవారే శ్రీ బానోతు దేవ్‌సింగ్ గారు. పద్దెనిమిదేళ్ల పాటు ఈ డిపోకు, ఈ బస్టాండుకు అంకితభావంతో సేవలందించి, ఈ 1999 ఏప్రిల్ 30న వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సందర్భాన్ని శుభసందర్భం అనడం ఆచారం. ఆ ఆచారాన్ని పాటిస్తూనే ఈ నాలుగు మాటలు.

ఆనాటి మూడో రొట్టె డ్రైవరు శ్రీ గోపాల్ గారికి దక్కింది. దేవ్‌సింగ్ గారిని ఆయన బండికే వేశారు. సూర్యాపేట నుంచి కోదాడ, కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, అక్కడి నుంచి తిరిగి సూర్యాపేట. మొదటి రోజు కోదాడలో బండి ఆగగానే దేవ్‌సింగ్ గారు కిందికి దిగి, డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్లి, రొట్టె మీద కారం వేసి పైకి అందించారు. గోపాల్ గారు అక్కడే కూర్చుని తిని, "నీ ఇంటామె చెయ్యి సల్లగుండ! రేపు కూడ మూడు పెట్టమను" అన్నారు. ఆ రోజు నుంచి వారిద్దరూ అన్నదమ్ములు.

కండక్టరు పని ఎటువంటిదో మన డిపో వీడ్కోలు సంచిక చదివేవారికి చెప్పనక్కర లేదు. ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా, వెనక నుంచి మళ్లీ ముందుకు, జనాన్ని తోసుకుంటూ, వంగుతూ, లేస్తూ, మూటలు సర్దుతూ, దిగుతూ, ఎక్కుతూ పొద్దంతా కాళ్ల మీదే ఉండాలి. డ్రైవరు మాత్రం ఎక్కినవాడు ఎక్కినట్టే కూర్చోవాలి. అది చాలదన్నట్టు, బండి ఆగిన చోట కూడా గోపాల్ గారిని దేవ్‌సింగ్ గారు కదలనిచ్చేవారు కాదు. "నువ్వు దిగకు అన్నా, నేను తెస్త" అనేవారు. చాయ కిటికీ దగ్గరికే వచ్చేది. ఇడ్లీ కిటికీ దగ్గరికే వచ్చేది. లాగ్‌షీటు మీద సంతకం కూడా కండక్టరే పరుగెత్తి పెట్టించుకొచ్చేవారు. పెద్దవాణ్ని కూర్చోబెట్టి సేవ చేయడమే మర్యాద అని మనమందరం అనుకున్నట్టే వారూ అనుకున్నారు.

కోదాడ బస్టాండులో టీ కొట్టు నడిపే శాంతకుమారి గారు ఒకసారి ఉండబట్టలేక అడిగారట. "ఏవండీ దేవ్‌సింగ్ గారూ, నాలుగేళ్ల నుంచి మీ డ్రైవరు గారికి టీ పంపిస్తన్నాను. ఆయన మొహం ఒక్కసారీ చూళ్లేదు. అసలు ఆయనకి కాళ్లున్నయ్యా?"

ఈ మాట చేరవేస్తే గోపాల్ గారు కిటికీలోంచి తల బయట పెట్టి, "కాళ్లు లేకుంటే బిరేకు ఎవరు తొక్కుతున్రమ్మా, మీ తాతనా?" అని అరిచారు. బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా దేవ్‌సింగ్ గారే నవ్వారు.

1986 మార్చి రెండో వారంలో మిర్యాలగూడ బస్టాండులో గోపాల్ గారు ఎందుకో బండి దిగారు. ఇరవై అడుగులు వేశారో లేదో, ఊపిరందక ప్లాట్‌ఫారం అంచున కూలబడ్డారు. దేవ్‌సింగ్ గారు రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరు గారు పరీక్ష చేస్తూ, "రోజుకు ఎంత నడుస్తవు?" అని అడిగారు.

"నూట యాభై కిలోమీటర్లు పోతం సారు."

"అది బస్సు పోయేది. నువ్వు నడిచేది ఎంత?"

గోపాల్ గారు దేవ్‌సింగ్ గారి వైపు చూశారు. దేవ్‌సింగ్ గారు తల దించుకొని, "పది అడుగులు సారు. మిగతయన్నీ ఆయన బదులు నేనే నడిచిన" అన్నారు.

ఇద్దరికీ మూడేళ్లే తేడా అని, ఒకే బండి మీద ఒకే రోడ్డున తిరుగుతున్నారని తెలుసుకొని ఆ డాక్టరు గారు ఇద్దరి రక్తపోటూ చూశారు. ఒకరి గుండె గడియారంలా ఉంది. ఇంకొకరిని వెంటనే హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. బీడీలు, ఉప్పు, పుట్టుక, ఇవన్నీ కారణాలేనని, కూర్చోవడం ఒక్కటే కాదని కూడా ఆయన చెప్పారు. దేవ్‌సింగ్ గారి చెవికి మాత్రం ఆ ఒక్కటే ఎక్కింది. ఆ హైదరాబాదు ప్రయాణానికి సంచి సర్దింది గోపాల్ గారి భార్య, అంటే ఈ వ్యాసం రాస్తున్న రాధమ్మ. ఆ సంగతి ఇక్కడ రాయబోతే కలం సాగడం లేదు. దాన్ని చివరి కోసం ఉంచుదాం.

మరుసటి ఏడు సంస్థవారు దయతో రాధమ్మకు ఈ బస్టాండులోనే స్వీపరుగా ఉద్యోగమిచ్చారు. ఊడుస్తూ ఊడుస్తూ బస్సుల బోర్డులు చూసి ఆమె అక్షరాలు కూడబలుక్కుంది. మొదట చదవగలిగిన మాట 'కోదాడ'. ఎక్కినవాళ్లందరూ తిరిగి దిగుతారో లేదో అని ప్రతి బస్సు వెనక చూస్తూ నిలబడడం ఆమెకు అలవాటైంది. దేవ్‌సింగ్ గారు ఆ అలవాటు గురించి ఏనాడూ పరాచికమాడలేదు.

1989లో దేవ్‌సింగ్ గారికి కంట్రోలరుగా పదోన్నతి లభించింది. బండ్లు వచ్చే వేళ, పోయే వేళ లాగ్‌షీటు మీద సంతకం పెట్టే అధికారం వారి చేతికి వచ్చింది. చేరిన మూడో రోజునే ఒక నియమం పెట్టారు. బండి ఆగి తిరిగి బయలుదేరేలోపు ఇరవై నిమిషాలు ఉంటుంది కదా, ఆ సమయంలో ప్రతి డ్రైవరూ బస్టాండు ప్రహరీ వెంట మూడు చుట్లు తిరగాలి. తిరిగితేనే సంతకం. మూడే ఎందుకని అడిగితే, "ఇరవై నిమిషాలల్ల చాయ తాగంగ మూడే పడుతయి. నాలుగు పడితే నాలుగే పెడుదును" అన్నారు. నెలల తరబడి కూర్చున్నవాణ్ని ఒక్కసారిగా ఉరికించకూడదని డాక్టరు చెప్పినందున, కొత్తవారికి మొదటి వారం ఒక చుట్టు, రెండో వారం రెండు.

డ్రైవర్లు ఊరుకుంటారా? "గానుగెద్దును కూడ గిట్ల తిప్పరు", "తండాల మేకలు కాసి కాసి ఇగ మమ్ముల కాస్తున్నవా?" అన్నారు. దేవ్‌సింగ్ గారు కోపం తెచ్చుకోకుండా, "మేకలు నయం. చెప్పిన మాట ఇంటయి" అని లాగ్‌షీటు పక్కన పెట్టేవారు.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక ముచ్చట. తిరుమలగిరి బస్సు కోసం కూర్చున్న లింగమ్మ అనే పెద్దావిడ, ఖాకీ బట్టల వాళ్లు వరసగా బస్టాండు చుట్టూ తిరగడం చూసింది. లెక్కపెట్టింది. మూడు. వెంటనే చెప్పులు విప్పి, మూట చంకన పెట్టుకొని వారి వెనకే బయలుదేరింది. ఆమెను చూసి ఇంకో నలుగురు. మూడో చుట్టు ముగిశాక ఆమె కంట్రోలరు కిటికీ ముందు నిలబడి దండం పెట్టింది.

"ఏం దేవుడు బిడ్డా లోపట?"

"దేవుడు లేడవ్వా. నేనే ఉన్న."

"మరి తిరగకుంటే బస్సు ఎల్లదంటున్రు?"

వెళ్లదన్న మాట నిజమే కదా! ఆ తర్వాత కూడా లింగమ్మ ప్రతి బుధవారం వచ్చి, అసలు సంగతి తెలిసినా, మూడు చుట్లు తిరిగే బస్సెక్కేది. చెప్పులు మాత్రం విప్పేది కాదు. "పోను పోను మోకాళ్లు అలకగైనయి. ఏ దేవుడైతేంది?" అనేది.

1991లో డ్రైవరు సైదయ్య గారికి వైద్యపరీక్షలో షుగరు, రక్తపోటు రెండూ మితిమీరి ఉన్నట్టు తేలింది. ఆరు నెలల్లో అదుపులోకి రాకపోతే స్టీరింగు ఇవ్వడానికి వీల్లేదన్నారు. నలభై ఆరేళ్ల మనిషి. ఇరవై ఏళ్లుగా బండి తప్ప వేరే లోకం లేదు. "గేటు కాడ కుర్సీ ఏస్తరట. వచ్చే బండ్లకు సలాం కొట్టుకుంట కూసోవాలె. గంతకన్న సచ్చుడే నయం" అని క్యాంటీనులో ఏడ్చారు.

అయినా నడవడమంటే ఒళ్లు వంగేది కాదు. ప్రహరీ వెనక భాగం కంట్రోలరు గదికి కనిపించదు. అక్కడి పాన్‌డబ్బా చాటున సైదయ్య గారు బీడీ కాలుస్తూ కూర్చొని, మిగతావారు మూడో చుట్టు వచ్చేసరికి వారితో కలిసి, వగరుస్తున్నట్టు నటిస్తూ ఇవతలికి వచ్చేవారు. అటు ఊడుస్తున్న రాధమ్మ కంటపడ్డారు.

"అక్కా, మూడు తిరిగిండని చెప్పవా? నీ కాల్మొక్త."

"మీ గోపాలన్న మంచిగనే ఉన్నడని మేమందరం గిట్లనే చెప్పుకుంట వచ్చినం తమ్ముడూ" అంది రాధమ్మ.

సైదయ్య గారు బీడీ పారేశారు. ఆ రోజు మూడు చుట్లూ తిరిగారు.

ఇంతలో కంట్రోలరు మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. అప్పటి మేనేజరు గారు పిలిపించి, "ఏ రూలు ప్రకారం తిప్పుతున్నవయ్యా వీళ్లను?" అని అడిగారు.

"రూలు లేదు సార్. ఒక్క బండి కూడ లేటు పోలేదు, సూడుండ్రి" అని దేవ్‌సింగ్ గారు రెండేళ్ల రిజిస్టరు ముందు పెట్టారు.

మేనేజరు గారు చాలాసేపు పేజీలు తిప్పి, "సైదయ్య పరీక్ష దాకా చూస్త. పాసైతే నీ చుట్లు నీయి. కాకుంటే బంద్ పెట్టాలె" అన్నారు. అలా ఒకరి స్టీరింగూ, ఇంకొకరి నియమమూ ఒకే తాడున వేలాడాయి. మందులు డాక్టరు ఇచ్చారు, తిండి సైదయ్య గారి ఇల్లాలు చూసుకున్నారు, నడక దేవ్‌సింగ్ గారు చూసుకున్నారు. డ్యూటీ లేని రోజు కూడా ఇంటికి వెళ్లి తలుపు తట్టేవారు. "తమ్ముడూ, చాయ తెచ్చిన అనుకుంటున్నవా? తేను. నడువు, తాగి వద్దాం" అనేవారు.

పరీక్ష రోజున దేవ్‌సింగ్ గారు కుర్చీలో నిలవలేకపోయారు. తామే బస్టాండు చుట్టూ తిరుగుతూ ఉన్నారు. ఎన్ని చుట్లో లెక్కలేదు. మధ్యాహ్నం సైదయ్య గారు బస్సు దిగారు. మొహం చూసి ఏమీ తెలియలేదు. నేరుగా ప్రహరీ వైపు నడిచారు. ఒక చుట్టు, రెండు, మూడు. అప్పుడు కిటికీ ముందుకు వచ్చి, జేబులోంచి పాసు కాగితం తీసి లోపలికి తోశారు.

"తిరిగిన. పెట్టు సంతకం."

సైదయ్య గారు నేటికీ కోదాడ బండి నడుపుతున్నారు. బాసింపట్టు వేసుకొని నేల మీద కూర్చొని పిల్లలతో కలిసి అన్నం తింటున్నారు. బూట్ల తాళ్లు తామే వంగి కట్టుకుంటున్నారు. ఇదివరకు ప్రయాణికుల మీద ఇంతెత్తున లేచేవారు, ఇప్పుడు నవ్వుతున్నారు. ఆయనను చూసి కోదాడ, మిర్యాలగూడ బస్టాండులలోనూ డ్రైవర్లు తిరగడం మొదలుపెట్టారు. అక్కడ ఎవరూ సంతకం ఆపడం లేదు. నడిస్తే చావు రాదని దేవ్‌సింగ్ గారు ఏనాడూ చెప్పలేదు. "ఉన్నన్ని రోజులు మన పని మనం చేసుకుంటం, గంతే" అనేవారు. పెద్ద చదువు లేని ఒక ఉద్యోగి ఇంతమంది జీవితాలను తేలిక చేయడం మన డిపోకు గర్వకారణం.

ఈ రోజు తండాకు తిరిగి వెళ్లడానికి మోతీబాయి గారు మళ్లీ సంచి సర్దుతారు. సంచులు సర్దేవారిని చూస్తే, తిరిగి ఎప్పుడొస్తారని రాధమ్మ నేటికీ అడగకుండా వదలదు. అందుకే నిన్ననే అడిగింది.

"మళ్ల ఎప్పుడొస్తవు దేవ్‌సింగూ?"

"నెల నెల ఒకటో తారీకు వస్త వదినె."

"ఉత్త మాటనా?"

"ఉత్తది కాదు. మూడు చుట్లు తిరిగి నీకు కనపడే పోత. సంతకం నువ్వే పెట్టు."

ఆ ఒకటో తారీఖులు వారి జీవితంలో లెక్కకు మించి రావాలని, తమ కాళ్ల మీద తాము నడుస్తూ, మోతీబాయి గారి చేతి రొట్టెలు ముగ్గురికి పంచుతూ, పిల్లాపాపలతో, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ సుఖంగా ఉండాలని, ప్రతిసారీ ఈ బస్టాండులో క్షేమంగా దిగాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాము.

వదిలేసిన సంగతి ఒకటి ఉంది. డ్రైవరు శ్రీ గోపాల్ గారు 1986 మార్చి 14, శుక్రవారం పొద్దున, ఈ బస్టాండులోనే హైదరాబాదు బస్సెక్కారు. ఎక్కేటప్పుడు దేవ్‌సింగ్ గారు చెయ్యి పట్టుకున్నారు. సంచిలో రెండు చొక్కాలు, ఒక దుప్పటి, మూడు రొట్టెలు ఉన్నాయి. ఆయన తిరిగి రాలేదు. మార్చి 17, సోమవారం కన్నుమూశారు.